ఉప్పాడ ఒడ్డున ఇతిహాస నగరం కోసం వెతకవచ్చునా? పురావస్తు తవ్వకాలపై ఒక ప్రశ్న, కొన్ని సమాధానాలు

తీరవాసి (ఉప్పాడ దగ్గర):

సభ్యులందరికీ నమస్కారం. 2025 ఫిబ్రవరిలో కేంద్ర పురావస్తు శాఖ వారు గుజరాత్‌లోని ద్వారక తీరంలో మళ్ళీ నీటి అడుగున పరిశీలన మొదలుపెట్టారన్న వార్త వచ్చినప్పటి నుంచి మా ఊరి రచ్చబండ మీద ఒక వాదన తెగకుండా సాగుతోంది. తుఫాను వెలిసిన మరునాడు ఉప్పాడ ఒడ్డున ఇసుక జల్లెడ పట్టి బంగారు రేణువులు వెతికేవారిని మీరు టీవీలో చూసే ఉంటారు. సముద్రపు కోతకు పాత ఊళ్ళూ, గుళ్ళూ, ఎప్పటివో రాజుల కట్టడాలూ కలిసిపోయాయనీ, కెరటాలు తెచ్చి పోసే బంగారం అక్కడిదేననీ మా పెద్దలు చెబుతారు. దానికి తోడు పెద్దాపురంలో పాండవుల మెట్ట ఉంది, పిఠాపురంలో కుంతీమాధవస్వామి ఆలయం ఉంది. వీటన్నిటినీ కలిపి, మన తీరంలో కూడా ద్వారక వంటి నగరం ఒకటి మునిగి ఉంటుందనీ, వెతికే నాథుడు లేకనే బయటపడటం లేదనీ ఒక వర్గం వారు గట్టిగా వాదిస్తున్నారు.

నేను వారిని కాదనలేకపోతున్నాను, ఔననలేకపోతున్నాను. ఒక దిబ్బను తవ్వినప్పుడు, అది ఫలానా కావ్యంలో వర్ణించిన నగరమేనని పురావస్తు శాస్త్రజ్ఞులు ఏ ఆధారంతో నిర్ణయిస్తారు? హస్తినాపురం, ద్వారక, ట్రాయ్ వంటివి నిజంగా దొరికినట్లేనా? మన గోదావరి డెల్టాలో అటువంటి అన్వేషణకు అర్థం ఉన్నదా? తెలిసినవారు కొంచెం విపులంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.


పాటిదిబ్బ (రాజమహేంద్రవరం):

తీరవాసి గారూ, మీ ఊరి వాదనలో మూడు వేర్వేరు విషయాలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్నాయి. ఇక్కడ పూర్వం మనుషులు నివసించారా అన్నది ఒకటి. నివసించి ఉంటే ఆ ఊరి పేరు ఏమిటన్నది మరొకటి. కావ్యంలో చెప్పిన సంఘటన ఇక్కడే జరిగిందా అన్నది వేరొకటి. మొదటిదానికి పలుగూ పారా సమాధానం చెబుతాయి. రెండోదానికి అప్పుడప్పుడు మాత్రమే చెబుతాయి. మూడోదానికి చెప్పిన సందర్భం నాకు తెలిసి లేదు. వార్తా చానళ్ళు ఎప్పుడూ మొదటి సమాధానాన్ని చూపించి మూడోదానికి శీర్షిక పెడతాయి. గందరగోళమంతా అక్కడే పుడుతోంది.

హస్తినాపురం సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మన దేశంలో ఈ రకమైన అన్వేషణ ఎంత దూరం వెళ్ళగలదో, ఎక్కడ ఆగిపోతుందో రెండూ అక్కడే కనిపిస్తాయి. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ జిల్లాలో, గంగ ఒకప్పుడు పారి విడిచిపెట్టిన పాత పాయ ఒడ్డున ఉన్న దిబ్బను పురావస్తు శాస్త్రజ్ఞుడు బి.బి. లాల్ 1950 నుంచి 1952 వరకు తవ్వారు. ఒకదాని మీద ఒకటిగా ఐదు కాలాల నివాసపు పొరలు బయటపడ్డాయి. కింది నుంచి రెండో పొరలో పలుచని బూడిదరంగు కుండల పెంకులు, వాటి మీద నల్లని గీతలు, చుక్కలు, వలయాలు వేసినవి, విరివిగా దొరికాయి. ఆ పొర పైభాగం వరదకు కోసుకుపోయినట్లు లాల్ గుర్తించారు. అంతటితో ఊరుకోకుండా పాత గంగ పాయలో బోర్లు వేయించి, కొట్టుకుపోయిన నివాసపు శిథిలాలు నది అడుగున ఉన్నాయేమో కూడా చూశారు. పరీక్షిత్తు వంశంలోని నిచక్షువు కాలంలో గంగ హస్తినాపురాన్ని ముంచివేయగా రాజధానిని కౌశాంబికి మార్చారని పురాణాలు చెబుతున్నాయి కదా. పురాణంలో వరద, మట్టిలో వరద రెండూ కలిసినందువల్ల లాల్ ఆ రెండో పొరను మహాభారత కాలానికి జోడించి, దానిని సుమారు క్రీ.పూ. 1100 నుంచి 800 మధ్య నిలిపారు. మథుర, పానిపట్, కురుక్షేత్రం, అహిచ్ఛత్రం, ఢిల్లీలోని పురానా ఖిలా వంటి భారతంలో వినిపించే చోట్ల కూడా ఇదే రకం బూడిదరంగు కుండలు దొరకటం ఆయన వాదనకు మరో స్తంభం.

ఇంతవరకు వినటానికి ఎంతో పొందికగా ఉంది. అయితే అదే పొరలో బయటపడిన ఇళ్ళు మట్టి గోడలవి, రెల్లు తడికలకు మట్టి మెత్తినవి. వరి గింజలు, గుర్రపు ఎముకలు, కొద్దిగా రాగి, ఇనుప చిట్టెం దొరికాయి కానీ, సభాపర్వం చదివినవారు ఊహించుకొనే మేడలూ మణిస్తంభాలూ అక్కడ లేవు. తవ్విన భాగం చిన్నదనీ, కవి వర్ణన తరతరాలుగా పెరుగుతూ వచ్చిందనీ సమాధానం చెప్పవచ్చు. లాల్ పక్షాన ఆ సమాధానం చెప్పినవారు ఉన్నారు. కానీ బూడిదరంగు కుండలు భారతంలో ఊసైనా లేని వందలాది చిన్న పల్లెల్లో కూడా దొరికాయి కాబట్టి, ఆ కుండ దొరికిన చోటల్లా కౌరవపాండవులు తిరిగారని చెప్పటం కుదరదు. వరదలు కూడా గంగ ఒడ్డున ఒక్కసారే రావు. నా అభిప్రాయంలో, ఆ దిబ్బ హస్తినాపురమని ఒప్పుకోవటానికి పెద్ద అడ్డంకి లేదు, ఎందుకంటే ఆ పేరు జైన సంప్రదాయంలోనూ స్థానికుల నోటిలోనూ తెగకుండా నిలిచి ఉంది. ఆ ఊళ్ళో ధృతరాష్ట్రుడు కొలువు తీరాడని మాత్రం ఏ పెంకూ చెప్పలేదు.

దీనికి పక్కనే కౌశాంబిని పెట్టి చూడండి. అలహాబాద్ విశ్వవిద్యాలయం తరఫున జి.ఆర్. శర్మ అక్కడ తవ్వినప్పుడు ఘోషితారామం అనే బౌద్ధ విహారం పేరు చెక్కిన శాసనమే దొరికింది. బుద్ధుడు కౌశాంబిలో ఘోషితారామంలో విడిది చేశాడని బౌద్ధ గ్రంథాలు చెబుతున్నాయి కాబట్టి ఇక సందేహానికి తావు లేకపోయింది. పిప్రాహ్వాలో కపిలవస్తు భిక్షుసంఘం పేరున్న మట్టి ముద్రలు దొరికినప్పుడు కూడా అంతే, ఆ విహారం ఎవరిదో మట్టే చెప్పింది. ఊరి పేరు మట్టిలోనే రాసి ఉంటే వాదన ముగుస్తుంది. హస్తినాపురం దిబ్బలో రెండో పొర నాటికి మన దేశంలో ఆ ప్రాంతంలో రాత వాడుకలో లేదు కాబట్టి, ఎంత లోతుకు తవ్వినా అటువంటి సాక్ష్యం ఆశించలేము. ఇతిహాస నగరాల విషయంలో అసలు చిక్కు ఇదే.

ట్రాయ్ విషయం కూడా అడిగారు. గ్రీకు కవి హోమర్ ఇలియడ్ కావ్యంలో యుద్ధం జరిగిందని వర్ణించిన నగరం అది. టర్కీలోని హిస్సార్లిక్ దిబ్బే ట్రాయ్ అని ఫ్రాంక్ కాల్వర్ట్ అనే ఆయన ముందే నమ్మి, అందులో కొంత భాగం సొంతం చేసుకొని తవ్వటం మొదలుపెట్టాడు. పేరు మాత్రం హైన్రిక్ ష్లీమన్‌కు వచ్చింది. ష్లీమన్ 1871 నుంచి 1873 వరకు దిబ్బ నడుమ నుంచి పెద్ద కందకం కొట్టించి, 1873లో దొరికిన బంగారు నగలను ఆ కావ్యంలోని ట్రాయ్ రాజు ప్రియం నిధిగా ప్రకటించాడు. ఆ నగలు దొరికిన పొర, హోమర్ యుద్ధానికి చెప్పుకొనే కాలం కంటే సుమారు వెయ్యేళ్ళు పాతదని తర్వాత తేలింది. యుద్ధకాలపు పొరలను ఆయన కూలీలే తవ్వి పారబోశారు. తర్వాత డార్ప్‌ఫెల్డ్, ఆ దిబ్బలో ఒకదాని మీద ఒకటిగా ఉన్న నగరాల్లో కింది నుంచి ఆరవ నగరాన్నీ, 1932 నుంచి 1938 వరకు తవ్విన బ్లెగెన్ ఏడవ నగరపు తొలి దశనూ హోమర్ ట్రాయ్‌గా భావించారు. అక్కడ నగరం ఉంది, కోట ఉంది, కాలిన ఆనవాళ్ళు ఉన్నాయి. ఆనాడు ఆ దేశాన్ని ఏలిన హిట్టైట్ రాజుల మట్టి పలకల్లో విలుసా అనే పేరు ఉంది, అది ట్రాయ్ పేరేనని చాలామంది పండితుల అభిప్రాయం. కావ్య వీరుడు అకిలీస్ మాత్రం లేడు.

సనౌలీ గురించి కూడా ఎవరైనా అడుగుతారని ముందే చెబుతున్నాను. ఉత్తరప్రదేశ్‌లోని ఆ ఊళ్ళో 2018లో సమాధుల్లో రాగి పలకలు తాపడం చేసిన బండ్లు దొరికాయి. అవి సుమారు క్రీ.పూ. 2000 నాటివి. గుర్రం కట్టిన రథాలా, ఎడ్లు కట్టిన బండ్లా అన్న వాదం ఇంకా నడుస్తోంది. వాటి చక్రాలకు ఆకులు (నడిమి కడ్డీలు) లేవు, గట్టి పలక చక్రాలు. వాటిని అర్జునుడి రథం అనటం ప్రచారమే.


ఒండ్రుమట్టి (అమలాపురం):

పాటిదిబ్బ గారు చరిత్ర వైపు నుంచి చెప్పారు. నేను నేల వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే తీరవాసి గారి చివరి ప్రశ్నకు సమాధానం మన కాళ్ళ కిందే ఉంది.

మీ ఊరివారు, సముద్రం ముందుకు వచ్చి నగరాన్ని మింగి ఉంటుందని ఊహిస్తున్నారు. గోదావరి డెల్టాలో గత కొన్ని వేల ఏళ్ళ కథ ఎక్కువ భాగం దీనికి తలకిందులుగా నడిచింది. సుమారు ఇరవై వేల ఏళ్ళ కిందట ప్రపంచమంతటా సముద్ర మట్టం ఇప్పటికంటే 120 మీటర్ల వరకు దిగువన ఉండేది. మంచు కరుగుతున్నకొద్దీ అది పెరిగి, ఆరేడు వేల ఏళ్ళ కిందటికి ఇంచుమించు ఇప్పటి మట్టానికి వచ్చి నిలిచింది. అప్పటి నుంచి గోదావరి తెచ్చిన ఒండ్రు సముద్రంలోకి నేలను పెంచుకుంటూ పోయింది. ఆనాటి తీరరేఖ ఇప్పటి తీరానికి చాలా లోపల ఉండేది. కొల్లేరు కూడా కృష్ణా గోదావరి డెల్టాలు రెండు వైపుల నుంచి పెరుగుతూ వచ్చినప్పుడు మధ్యలో మిగిలిపోయిన పల్లమే.

దీనికి రుజువు కోసం పుస్తకాలు తిరగేయనక్కరలేదు. కోనసీమలో తీరానికి సమాంతరంగా వరుసలు వరుసలుగా ఇసుక మెరకలు ఉంటాయి. ఊళ్ళూ కొబ్బరితోటలూ సాధారణంగా ఆ మెరకల మీదే ఉంటాయి. మెరకకూ మెరకకూ మధ్య పల్లంలో వరి పండుతుంది. ఒక్కొక్క మెరకా ఒకప్పటి సముద్రపు ఒడ్డు. ఉపగ్రహ చిత్రంలో చూస్తే సముద్రం ఒక్కొక్క అడుగూ వెనక్కు తగ్గుతూ పోయిన జాడ గీతలు గీసినట్లు కనిపిస్తుంది. అందువల్ల మహాభారత కాలాన్ని క్రీ.పూ. 1000కి పెట్టినా 3000కి పెట్టినా, నేడు మనం ఆక్వా చెరువులు తవ్వుకుంటున్న తీర గ్రామాల్లో చాలావాటికి ఆనాడు నేలే లేదు. అక్కడ నగరం ఉండటం మాట అటుంచి, నిలబడటానికి చోటు లేదు.

అయితే ఉప్పాడ సంగతి వేరు, దానిని డెల్టా అంతటితో కలిపి చెప్పకూడదు. అక్కడ కోత నిజమే. కాకినాడకు వెళ్ళే తీరపు రోడ్డు ఎన్నిసార్లు తెగిందో మీకు నాకంటే బాగా తెలుసు. పాత ఇళ్ళు, గుళ్ళు సముద్రంలో కలిశాయన్న మాటలో అసాధారణం ఏమీ లేదు. కానీ అవి కొన్ని తరాల కిందటి నిర్మాణాలై ఉండటానికే ఎక్కువ అవకాశం ఉంది. కాకినాడకు ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ ఇసుక నాలుక గత రెండు శతాబ్దాల్లో పెరిగినది. దాని పెరుగుదలతో అలల దారి మారిపోయింది. ఎగువన జలాశయాలు కట్టిన తర్వాత నది తెచ్చే ఒండ్రు కూడా బాగా తగ్గింది. ఇవన్నీ ఇటీవలి కారణాలు. బంగారు రేణువుల విషయంలో, వాటిని ప్రయోగశాలలో పరీక్షించి, పాత నగల ముక్కలా లేక ఖనిజపు నలుసులా అని తేల్చనంతవరకు వాటి మీద నగరాన్ని నిలపటం తొందరపాటు.

మునిగిన ఊరు, పాడుపడిన రేవు కావాలంటే మన దగ్గర కోరంగి ఉంది. పేరుమోసిన ఓడరేవు, ఓడలు కట్టిన చోటు, 1839 నవంబరు తుఫానులో ఉప్పెనకు ధ్వంసమైంది. ఆ తర్వాత దానిని కోలుకోనివ్వనిది సముద్రం కంటే ఎక్కువగా ఒండ్రుమట్టి. ఏటి మొగ పూడుకుపోయి రేవు పనికిరాకుండా పోయింది. నేడు అక్కడికి వెళ్ళినవారు మడ అడవి చూసి వస్తారు. రెండు శతాబ్దాలు తిరగకుండానే ఒక రేవు పట్నం ఆ స్థితికి వచ్చిందంటే, రెండు వేల ఏళ్ళ నాటి రేవు ఎక్కడ ఉంటుందో ఆలోచించండి. నీటి అడుగున కాదు, ఏ వరిచేను కిందనో, తీరానికి ఎంతో లోపల ఉంటుంది. ట్రాయ్ కూడా అంతే. ఒకప్పుడు దాని పక్కకు వచ్చిన అఖాతం నదుల ఒండ్రుతో పూడిపోయి, నేడు సముద్రం ఐదారు కిలోమీటర్ల దూరం జరిగిపోయింది.


భారతపాఠి (పిఠాపురం):

ఇద్దరు సభ్యులూ విలువైన విషయాలు చెప్పారు, వారికి కృతజ్ఞతలు. అయినా సంప్రదాయం వైపు నుంచి కొంత చెప్పకపోతే చర్చ ఒకవైపుకు ఒరిగిపోతుందని భయం. నేను పదవీ విరమణ చేసిన తెలుగు పండితుణ్ణి. తవ్వకాలు నా వృత్తి కాదు.

సాహిత్యాన్ని నమ్మి వెతికినందువల్లనే చాలా నగరాలు దొరికాయన్న మాట మరువకూడదు. హోమర్‌ను నమ్మనివాడు హిస్సార్లిక్ దిబ్బ మీద తన సొమ్ము పోయడు. మణిమేఖలై అనే తమిళ కావ్యంలో కావేరీపూంపట్టణాన్ని కడలి మింగిన సంగతి ఉంది. ఆ మాట పట్టుకొని వెతికితే, కావేరి డెల్టాలో, కిళైయూర్ దగ్గర ఇటుకలతో కట్టిన రేవు కట్టడం, పడవలు కట్టటానికి పాతిన కొయ్య గుంజలతో సహా బయటపడింది. పల్లవనీశ్వరంలో బౌద్ధ విహారం బయటపడింది. ఆ తర్వాత జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వారు తీరానికి అవతల సముద్రంలో కూడా పరిశీలించారు. నగరం అంతా మునిగిందని కావ్యం చెప్పింది. నగరంలో గణనీయమైన భాగం పొలాల కింద ఉందని తవ్వకం చెప్పింది. కావ్యం అబద్ధం చెప్పలేదు, కవి కనుక కొంచెం ఎక్కువ చెప్పాడు. ఒండ్రుమట్టి గారి సిద్ధాంతానికి ఇది బలమే కానీ బలహీనత కాదని ఒప్పుకుంటాను.

ద్వారక గురించి ఇప్పటివరకు ఎవరూ వివరంగా చెప్పలేదు కాబట్టి నేను చదివినంతవరకు చెబుతాను. 1963లో హెచ్.డి. సంకాలియా నాయకత్వంలో పుణె దక్కన్ కళాశాల వారు ద్వారక పట్టణంలో మొదట తవ్వారు. 1979-80లో, అంతకుముందు హరప్పా నాగరికత నాటి లోథల్‌ను తవ్విన ఎస్.ఆర్. రావు గుడి సమీపంలో తవ్వి, పాత ఆలయపు నిర్మాణాన్నీ, దాని కింద ఇంకా పాతవైన పొరలనూ చూశారు. ఆ తర్వాత 1983 నుంచి ఆయనే జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ తరఫున సముద్రంలో దిగి, రాతి దిమ్మెలు, గోడల వంటి వరుసలు, మూడు రంధ్రాల లంగరు రాళ్ళు ఎన్నో నమోదు చేశారు. బేట్ ద్వారకలో దొరికిన శంఖపు ముద్ర మీద ఒంటికొమ్ము మృగం, ఎద్దు, మేక తలలు కలిసి ఉన్నాయి. ద్వారకావాసులు గుర్తుగా ముద్ర ధరించాలన్న మాట హరివంశంలో ఉంది కాబట్టి రావుగారు ఆ రెండింటినీ జోడించి, ఆ నగరాన్ని క్రీ.పూ. రెండవ సహస్రాబ్ది మధ్యకు చెందినదిగా భావించారు.

ఇక్కడ పాటిదిబ్బ గారు ఏమంటారో నాకు తెలుసు. అదే సంస్థకు చెందిన తర్వాతి పరిశోధకులు, ఆ లంగరు రాళ్ళూ దిమ్మెలూ చాలావరకు చారిత్రక యుగానివనీ, మధ్యయుగాల వరకు అక్కడ ఓడలు లంగరు వేశాయనీ అభిప్రాయపడ్డారు. నేను దానిని తోసిపుచ్చటం లేదు. ఒకే సంస్థలో గురువుగారి అభిప్రాయాన్ని శిష్యులు ప్రశ్నించి, దానిని పత్రికల్లో ప్రకటించటం మన శాస్త్రానికి గౌరవమే. కానీ బేట్ ద్వారకలో హరప్పా చివరి దశ నాటి నివాసం ఉన్న మాట అందరూ ఒప్పుకున్నదే. మౌసల పర్వంలో అర్జునుడు జనాన్ని వెంటబెట్టుకొని బయలుదేరుతూ ఉంటే, వెనుక ఒక్కొక్క భాగాన్నే సముద్రం ముంచుకుంటూ వస్తుంది. తీరంలో నివసించిన జనం జ్ఞాపకంలో లేకుండా అటువంటి వర్ణన పుట్టిందని నేను అనుకోలేను. ఉప్పాడలో ఇల్లు పోగొట్టుకున్నవారిని అడిగితే ఆ పద్యాలకు వ్యాఖ్యానం వారే చెబుతారు.

2001లో ఖంభాత్ అఖాతంలో ధ్వని తరంగాలతో తీసిన చిత్రాల్లో నగరం కనిపించిందనీ, అడుగు నుంచి దేవిన చెక్క ముక్క తొమ్మిది వేల ఏళ్ళకు పైబడినదనీ అప్పట్లో చాలా ప్రచారం జరిగింది. దానిని నేను కూడా నమ్మను. విపరీతమైన ఆటుపోట్లు ఉన్న చోట, అడుగున దేవిన వస్తువు అక్కడిదో ఎగువ నుంచి కొట్టుకు వచ్చినదో చెప్పలేనప్పుడు, దాని వయసు నగరం వయసు కాదు.


తీరవాసి:

ముగ్గురికీ మనఃపూర్వక ధన్యవాదాలు. ఒండ్రుమట్టి గారు చెప్పిన ఇసుక మెరకల విషయం విన్న తర్వాత మా వాదన చాలావరకు చల్లబడింది. మరో రెండు సందేహాలు మిగిలాయి. భారత యుద్ధం క్రీ.పూ. 3102 ప్రాంతంలో జరిగిందని గ్రహస్థితులను కంప్యూటరులో లెక్కించి చెబుతున్నవారు ఉన్నారు. తవ్వకాలకూ ఆ లెక్కకూ పొత్తు కుదురుతుందా? అలాగే, మా బంధువుల పొలంలో చెరువు తవ్వుతుంటే అడుగున్నర పొడవున్న పాత ఇటుకలు, ఎర్రటి కుండపెంకులు బయటపడ్డాయి. ఆ ఊరు తీరానికి బాగా లోపల ఉంది. వాటిని ఏం చేయాలి?


పాటిదిబ్బ:

రెండవ సందేహానికి ముందు సమాధానం చెబుతాను, ఎందుకంటే అది ఆలస్యం చేయకూడనిది. దయచేసి చెరువు పని అక్కడితో ఆపించండి. ఆ కొలత ఇటుకలు మన ప్రాంతంలో సాధారణంగా శాతవాహనుల కాలం నుంచి ఆ తర్వాతి కొన్ని శతాబ్దాల కట్టడాల్లో కనిపిస్తాయి. ఇటుక పొడవు, వెడల్పు, మందం కొలిచి, గోడ వరుస ఉంటే దానిని కదల్చకుండా పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీసి, ఎంత లోతులో దొరికాయో రాసి, రాష్ట్ర పురావస్తు శాఖకు తెలియజేయండి. రాజమహేంద్రవరంలోని రాళ్ళబండి సుబ్బారావు ప్రభుత్వ మ్యూజియంలో చూపించినా దారి చెబుతారు. నాణేలు, నగలు వంటివి దొరికితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపటం తప్పనిసరి. మీరు స్వయంగా ఇంకా లోతుకు తవ్వవద్దు; పురాతన స్థలాల్లో తవ్వకానికి అనుమతి ఉండాలి. మన డెల్టాలో పది పన్నెండు అడుగులు దిగేసరికి ఊటనీరు వచ్చేస్తుంది. దానిని తోడుకుంటూ పొరలను కలపకుండా తవ్వటం అనుభవం ఉన్నవారికే కష్టం.

మన ప్రాంతంలో పాటిమన్ను ఎరువుగా తోలుకుపోయే అలవాటు ఎన్ని పాత ఊళ్ళను తుడిచిపెట్టిందో లెక్కలేదు. పాటి అంటే పాడుపడిన ఊరి దిబ్బ అని తెలిసీ, ట్రాక్టరుకు ఇంత అని అమ్మేస్తారు. ఇతిహాస నగరం దొరకలేదని బాధపడేవారు ఈ నష్టాన్ని గురించి ఒక్క మాట మాట్లాడరు. గోదావరి పాయ వైనతేయ తీరంలో ఆదుర్రు బౌద్ధ స్తూపం ఉంది. క్రీస్తు శకం తొలి శతాబ్దాల నాటికే అక్కడ గట్టి నేల, దానిమీద ఇటుక స్తూపం కట్టించగల సంపన్న సమాజం ఉన్నాయని అది చెబుతోంది. ఏలూరు దగ్గర పెదవేగి, అంటే వేంగీ రాజధాని, నేడు ఒక గ్రామం. మన పోయిన నగరాలు ఇవి. వీటికి వ్యాసుడి సాక్ష్యం అవసరం లేదు, శాసనాల సాక్ష్యం ఉంది.

పాండవుల మెట్ట గురించి కూడా ఒక మాట. దేశంలో కొండ తొలిచిన గుహ కనిపించిన ప్రతిచోటా పాండవుల పేరో భీముడి పేరో పెట్టారు. అది స్థలచరిత్ర కాదు. భారత కథ జనంలో ఎంత లోతుకు వెళ్ళిందో చెప్పే చరిత్ర. దానిని ఆ విధంగా అధ్యయనం చేస్తే ఎంతో తెలుస్తుంది.


ఒండ్రుమట్టి:

తీరవాసి గారూ, ఇటుకలు దొరికిన గోతి గోడను ఫోటో తీసేటప్పుడు, ఇటుకల కింద ఉన్న మట్టిని కూడా తీయండి. అది ఇసుకా, గవ్వలు ఉన్న బురదా, నల్లరేగడా అన్నది చాలా ముఖ్యం. గవ్వలున్న పొర మీద ఇటుకలు ఉంటే, అక్కడి నీరు వెనక్కు తగ్గిన తర్వాత ఊరు వెలిసిందని అర్థం. అటువంటి పొర వయసు తెలిస్తే ఆనాటి తీరం ఎక్కడ ఉండేదో కూడా తెలుస్తుంది. పురావస్తు శాఖకూ, నేల పొరలను పరిశీలించే మాకూ ఇద్దరికీ ఉపయోగపడుతుంది.


భారతపాఠి:

కాలనిర్ణయం సంగతి నాకు వదిలేసినట్లున్నారు. క్రీ.పూ. 3102 కలియుగారంభంగా ప్రసిద్ధం. ఆర్యభటుడు తనకు ఇరవై మూడేళ్ళ వయసు వచ్చేనాటికి కలియుగం మొదలై 3600 ఏళ్ళు గడిచాయని చెప్పాడు. దానిని బట్టి ఆ సంవత్సరం క్రీ.శ. 499 అవుతుంది. అంటే ఈ లెక్క ఐదవ శతాబ్దపు జ్యోతిశ్శాస్త్రజ్ఞుల గణితంలో స్థిరపడి ఉంది. పురాణాలు మరో దారి చూపుతాయి. పరీక్షిత్తు పుట్టుక నుంచి మహాపద్మనందుడి పట్టాభిషేకం వరకు 1015 ఏళ్ళనీ, 1050 ఏళ్ళనీ పాఠభేదాలు ఉన్నాయి. నందుడు క్రీ.పూ. నాలుగవ శతాబ్దం వాడు కాబట్టి, ఆ లెక్కన యుద్ధం క్రీ.పూ. పదిహేనవ శతాబ్దం దాటి వెనక్కు పోదు. సంప్రదాయంలోనే రెండు లెక్కలు ఉన్నప్పుడు, ఒకదానిని మాత్రమే పట్టుకొని తవ్వకాలు దానికి లొంగలేదని అలగటం సబబు కాదు. కంప్యూటరు లెక్కల్లో నా అనుమానం ఒక్కటే: ఏ గ్రహస్థితిని కవి కళ్ళారా చూసి రాశాడో, ఏది ఉత్పాతాన్ని సూచించటానికి కల్పించాడో ముందే ఎవరు నిర్ణయించారు? భీష్మ పర్వంలోని దుర్నిమిత్తాల వర్ణన చదివితే అందులో పరస్పరం పొసగనివి కూడా కనిపిస్తాయి. అందుకే ఒక్కొక్కరికి ఒక్కొక్క సంవత్సరం వస్తోంది.

3102 లెక్కకు శాసనాధారం కావాలంటే ఐహొళె చూడాలి. కర్ణాటకలోని ఐహొళెలో మేగుటి జినాలయం గోడ మీద, చాళుక్య రెండవ పులకేశి కాలంలో రవికీర్తి రచించిన శాసనం ఉంది. భారత యుద్ధం జరిగి 3735 ఏళ్ళు గడిచాయనీ, శకవర్షాలు 556 గడిచాయనీ అందులో రెండు లెక్కలూ పక్కపక్కనే ఇచ్చాడు; అది క్రీ.శ. 634 అవుతుంది. అదే శాసనంలో పులకేశి పిష్టపురాన్ని జయించిన సంగతి, కునాల సరస్సు నీరు రక్తంతో ఎర్రబడిన సంగతి ఉన్నాయి. పిష్టపురం మా పిఠాపురం, కునాలం కొల్లేరని చరిత్రకారులు గుర్తించారు. పిష్టపుర రాజు మహేంద్రుడి పేరు, వేంగి రాజు హస్తివర్మ పేరు అంతకు మూడు శతాబ్దాల ముందే సముద్రగుప్తుడి అలహాబాద్ స్తంభ శాసనంలో ఉన్నాయి. యుద్ధం ఎప్పుడు జరిగిందన్న విషయంలో రవికీర్తి మాటను ఏడవ శతాబ్దపు నమ్మకంగానే తీసుకోవాలి. పిష్టపుర కోట విషయంలో మాత్రం ఆయన తన ప్రభువు కాలపు సంగతి చెబుతున్నాడు, అక్కడ ఆయన మాటకు సాక్ష్యపు బరువు ఉంది. కనుక తీరవాసి గారి ఊరివారు పడవ వేసుకొని సముద్రంలోకి వెళ్ళేకంటే, పిఠాపురం చుట్టుపక్కల మట్టి ఎక్కడెక్కడ తోలుకుపోతున్నారో ముందు ఒక కన్ను వేసి ఉంచితే మంచిది. ఆ పనికి ఎవరైనా పూనుకుంటే నేను కూడా వస్తాను.